జ్వరమని రాసిన చీటీలు

మేడ్చల్‌లో మాత్రలు ప్యాకింగ్ చేసే కంపెనీలో పనిచేస్తున్నప్పుడు నేను తొలిసారి నెల తప్పాను. "మూడో నెల నిండేదాక ఎవ్వలకు జెప్పకు బిడ్డా, దిష్టి తాకుతది" అంది మా అత్త. వాంతులతో లేవలేని రోజుల్లో సెలవు చీటీ మీద జ్వరమనే రాశాను. అలా ఏడు చీటీలయ్యాయి. మూడో నెల నిండకముందే, మాటిమాటికీ నాగా పెడుతున్నానని నన్ను పనిలోంచి తీసేశారు. గర్భిణిని తీసేయకూడదని చట్టం ఉంది కదా అంటే, ఆఫీసులో సారు నా చీటీలే నా ముందు పరిచాడు.

"కడుపుతోని ఉన్నట్టు గీ చీటీల్ల ఏడ రాసినవమ్మా?"

నీళ్ల డ్రమ్ము పక్కన నేను వాంతి చేసుకోవడం రోజూ చూసిన మనిషే! అతని మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. అత్త మీద మాత్రం రాలేదు. ఆమెకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే.

ఇప్పుడు శామీర్‌పేటలో ఇంకో కంపెనీలో సూపర్‌వైజర్‌ని. మొన్న కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకతి వాడిపోయిన ముఖంతో వచ్చి, జ్వరమని రాసిన చీటీ ఇచ్చింది. గుచ్చి గుచ్చి అడిగితే నెల తప్పిందని ఒప్పుకుంది. చీటీ దాని చేతిలోనే పెట్టేశాను.

"ఉన్నది ఉన్నట్టు రాయి. డాక్టర్ కాగితం జతజెయ్యి. దిష్టి నేను తీస్త."