గోల్ ఆపిన కుక్కపిల్ల

ఈ సాయంత్రం మా నర్సీపట్నం ఫుట్‌బాల్ టీము మళ్ళీ ఓడిపోయింది. గొలుగొండ వాళ్ళు నాలుగు గోల్స్ కొట్టారు. ఐదోది కూడా పడేదే. మా గోల్‌కీపర్ ఒక పక్కకి దూకితే బంతి రెండో పక్కకి వెళ్ళి, అక్కడ పడుకున్న గోధుమరంగు వీధి కుక్కపిల్లకి తగిలి ఆగిపోయింది. అది కుయ్యోమని లేచి, బంతిని వాసన చూసి, మళ్ళీ అక్కడే పడుకుంది.

నా పక్కన మా పాత పీఈటీ మాస్టారు కూర్చున్నారు. మిషన్ స్కూల్లో నాకు ఆట నేర్పింది ఆయనే. రేపు విశాఖ వెళ్ళి లాబ్రడార్ పిల్లని కొని తెస్తున్నానని, దాని తాతల వరకూ కాగితాలున్నాయని కాస్త గొప్పగానే చెప్పాను.

ఆయన కుక్కపిల్లని చూస్తూ అన్నారు: "మన టీముకేటున్నాయిరా కాగితాలు? పద్దెనిమిదేళ్ళయి సూత్తన్నావు. ఓడిపోతందని ఒగ్గేసినావా?"

నిజానికి ఈ టీముని నేనెప్పుడూ ఎంచి చూడలేదు. ఇంటి దగ్గర ఆడుతున్నారని వెళ్ళాను, అలా ఉండిపోయాను.

విశాఖలో లాబ్రడార్ అమ్మే ఆయనకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పేసి, ఈ కుక్కపిల్లని ఇంటికి ఎత్తుకొచ్చాను. లాబ్రడార్ ఫొటో చూసి మురిసిపోయిన మా అమ్మాయి ఇంకా అలిగే ఉంది. కుక్కపిల్ల మాత్రం మా అమ్మాయి చెప్పు మీద తల పెట్టుకుని నిద్రపోతోంది.

మీరైతే ఏం చేసేవారో చెప్పండి. వచ్చే ఆదివారం మ్యాచ్‌కి మాత్రం దీన్ని తీసుకెళ్ళక తప్పదు. ఇవాళ మా వైపు బంతిని ఆపింది ఇదొక్కటే.