ప్రాణం పోయిన చోట దీపం

మా బేతంచెర్ల పక్క ఎవరైనా చనిపోతే ప్రాణం పోయిన చోట దీపం పెడతారు. దినాలు అయ్యేదాకా అది ఆరకూడదు. మంచం మీద పోయినవాళ్లకైతే ఏ చిక్కూ లేదు. పుల్లన్న నాపరాయి గనిలో పోయాడు. ఆయన పెళ్లాం అంజనమ్మ మాత్రం దీపాన్ని తారురోడ్డు పక్కన పెట్టాల్సి వచ్చింది.

పుల్లన్న మా వీధివాడే. మీసాలు రాకముందే గనిలోకి దిగాడు. రాయి తీసుకుంటూ పోతే పక్కన గోడ నిట్టనిలువుగా మిగులుతుంది. దాన్ని మెట్లు మెట్లుగా కొయ్యాలని చట్టం. ఖర్చని ఎవరూ కొయ్యరు. ఈమధ్య ఆ చట్టాన్ని ఇంకా బిగించారు. మనిషి పోతే మెట్లు కోసేదాకా ఆ గనిని మూసెయ్యాలట. చట్టం గట్టిదే, గోడే గట్టిది కాదు. వాన పడిన మర్నాడు అది పుల్లన్న మీద కూలింది.

మేస్త్రీ బసవన్న శవాన్ని ట్రాక్టర్లో వేయించి రోడ్డు మలుపులో దించాడు. లారీ గుద్దిందన్నారు. వీధంతా ఔనంది. అనక ఏం చేస్తుంది? గని మూస్తే మేమంతా మూటలు కట్టుకుని మిరపకోతలకు గుంటూరు పోవాలి. బసవన్న అంజనమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పోయినోడు ఎట్లా రాడు గదమ్మా. ఇన్ని ఇండ్లు ఆ గని మీదనే బతుకుతాండాయి. నీ కొడుకూ ఆడనే చేస్తాండాడు. నోరు తెరవద్దు తల్లీ."

అంజనమ్మ తలూపింది. దీపం తీసుకుని మలుపు దగ్గరికి పోయింది. లారీ పోయినప్పుడల్లా అది ఆరిపోయేది. కొంగు అడ్డం పెట్టి మళ్లీ వెలిగించేది. "ఈడ లేడు ఆయన. ఈడికి రాడు" అని ఏడ్చేది. మాకు వినబడుతూనే ఉండేది. అయినా ఎవరం గని వైపు చూసేవాళ్లం కాదు. పొయ్యి వెలగని ఆ ఇంటికి ఎదురింటి నాగలక్ష్మమ్మ పూటపూటా సంగటి తెచ్చేది.

దినాలు కాకముందే కొడుకు అయ్యన్న పనికి బయలుదేరాడు. తండ్రి పోయిన ఆ గోడ కిందికే. ముందునాడు మళ్లీ వాన కురిసింది.

"ఈ పొద్దు వద్దు నాయనా," అని తల్లి చెయ్యి పట్టుకుంది.

"మల్లేం తింటాం? నాగలక్ష్మత్త ఎన్నాళ్లు పెడుతుంది?" అని విదిలించుకుని పోయాడు.

ఆ పొద్దునే ఎవరి నోట విన్నాడో, గనుల ఆఫీసరు జీపులో వచ్చాడు. మలుపు దగ్గర దీపానికి నూనె పోస్తున్న అంజనమ్మను అడిగాడు.

"మీ ఆయన ఇక్కడేనామ్మా పోయింది?"

ఆమె చెప్పకముందే మా వాళ్లంతా ఔనౌనన్నారు. అంజనమ్మ తడిసిన నేలను చూసింది. దీపాన్ని చేతిలోకి తీసుకుని, కొంగు అడ్డం పెట్టుకుని నడిచింది.

"యాడికి పోతాండావమ్మా!" అంటూ బసవన్న అడ్డం వచ్చాడు. ఆమె పక్కనుంచి తప్పుకుని పోయింది. వెనకాలే ఆఫీసరు, ఆయన వెనకాల మేము. గనిలోకి దిగి గోడ మొదట్లో, అయ్యన్న కాళ్ల దగ్గర దీపం పెట్టింది. పైన గోడలో చెయ్యి పట్టేంత బీట కనబడుతోంది.

"ఈడ పోయినాడు సారూ. ఈ గోడ కిందనే. నా కొడుకును పైకి రమ్మని చెప్పండి. నేను చెప్తే వినడంల్యా."

గనిని ఆరోజే మూశారు. మెట్లు ఎప్పుడు కోయిస్తాడో యజమాని చెప్పలేదు. నాగలక్ష్మమ్మ తన వాకిట్లోనే నిలబడి, "ఇంగ మాకందరికీ నువ్వే పెట్టు కూడు!" అని అరిచి తలుపేసుకుంది. ఆ పూట సంగటి రాలేదు.

అంజనమ్మ తనే పొయ్యి రాజేసింది. అయ్యన్న వీపు తిప్పి కూర్చున్నాడు. తల్లి పెట్టిన ముద్ద ముట్టలేదు.

"తిట్టు నాయనా," అందామె. "తిట్టేకి బతికుండావు. నాకదే చాలు."