సోమవారం మీటింగులో మా మామగారు

మొన్న సోమవారం పొద్దున మా మామగారు పోయారు. ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోను చేసి చెప్పారు. చుట్టాలకు కబురందించాక, సెలవు అడగాలి కాబట్టి లాప్‌టాప్ తెరిచాను. అప్పటికే ఆఫీసు మీటింగు నడుస్తోంది. తెర మీదున్న పదిమందికీ విషయం చెప్పాను. ఒకమ్మాయి కెమెరా ఆపేసుకుంది. హైదరాబాదులో ఉండే మా మేనేజరు, "అంటే ఇక సోమవారాలు ఆయన రారా అండీ?" అని అడిగారు. అడిగాక తనకే ఎలాగో అనిపించినట్టుంది, సారీ చెప్పారు. నాకు మాత్రం అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకే వచ్చింది.

ఆ పదిమందిలో ఒక్కరూ మా మామగారి మొహం చూడలేదు. ఆయన మా కంపెనీలో ఒక్కరోజూ పనిచేయలేదు. ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే ఆయన చెవుల దగ్గర మొదలుపెట్టాలి.

ముప్పై ఏళ్లకు పైగా ఆయన ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో రిగ్గరు. అంటే పైన క్రేను తిరుగుతుంటే కింద నిలబడి ఎత్తు, దించు, పక్కకి జరుపు అని డ్రైవరుకు చేతులతో సైగలిచ్చే మనిషి. ఆ హోరులో నోటిమాట పక్కవాడికే వినిపించదు. చెవుల్లో పెట్టుకోమని మెత్తటి బిరడాలు ఇచ్చేవారట. అవి పెట్టుకోవడం ఈయనకు నామోషీ. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి నూనె సీసాలకు బిగించేవారని అత్తయ్య చెప్పేది. నూనె ఎప్పుడూ ఒలకలేదు గానీ, ఆయన రిటైరయ్యేనాటికి చెవులు కూడా రిటైరయ్యాయి.

నేను కోడలిగా వచ్చి ఆరేళ్లు. అందులో అయిదేళ్లు ఆయనా నేనూ మాట్లాడుకున్న మాటలు ఒక పేజీకి రావు. నేనేదో అడుగుతాను, ఆయన "ఊఁ" అని పేపరు తిప్పేస్తారు. నేనంటే గిట్టదనుకున్నాను. మాట అందక, మళ్లీ అడగడానికి సిగ్గుపడి ఊఁ కొడుతున్నారని నాకేం తెలుసు? పోనీ సైగలు చేయొచ్చు కదా అంటే, ఇంట్లో సైగలు నిషేధం. పెళ్లైన కొత్తలో చారు ఇంకాస్త పొయ్యమని ఆయన వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే, "నాను క్రేనునేటి?" అని అత్తయ్య గరిటె పక్కన పెట్టేసిందట. ఆ పూట ఆయన చారు లేకుండానే లేచారు. మళ్లీ ఆ వేలు ఇంట్లో తిరగలేదు.

పోయినేడు మా ఆయన పట్టుబట్టి మా ఊళ్లోనే సీతమ్మధారలో ఒక క్లినిక్కుకు తీసుకెళ్లి చెవి మిషన్లు పెట్టించారు. ఫోనుతో జత కలిపితే అవతలివాళ్ల గొంతు తిన్నగా చెవిలోకే వస్తుందని అక్కడి అమ్మాయి చూపించింది. మామగారికి అవి మూడు రోజులకే విసుగెత్తినా, మా ఆయన పోరు పడలేక పెట్టుకునేవారు. మిక్సీ, కుక్కరు, ఆటోలు, కాకులు అన్నీ కలిసి ఒక్కసారే మీద పడ్డాయి. "ఈవిడ రోజంతా ఇంత మాటాడతాదని నాకు తెల్దమ్మా" అని నాతో రహస్యంగా అన్నారు. ఆయన గొంతు ఎప్పుడూ మిల్లు గొంతే కాబట్టి ఆ రహస్యం వంటింట్లోకి స్పష్టంగా వెళ్లింది. రెండు రోజులు మాకు చారు లేదు.

ఇక నా పొరపాటు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. ఒక సోమవారం నా ఇయర్‌ఫోన్లు పాడైతే మా ఆయనవి వాడదామని లాప్‌టాప్‌లో బ్లూటూత్ జాబితా తీశాను. ఏదో కంపెనీ పేరూ పక్కన నాలుగంకెలూ కనిపించాయి. అవే అనుకుని నొక్కాను. చెవి మిషన్లు ఛార్జింగు డబ్బాలోంచి తీసిన కొద్ది నిమిషాలు ఎవరు పిలిచినా పలుకుతాయన్న సంగతి తర్వాత తెలిసింది. మీటింగు మొదలైంది. తెర మీద పెదవులు కదులుతున్నాయి, నాకు ఒక్క ముక్క వినిపించదు. ఇంతలో బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోస్తున్న మామగారు గట్టిగా, "నానెక్కడ పంపిత్తాను బాబూ, నాను రిటైరైపోనాను" అన్నారు.

తెర మీద పదిమందీ ఉలిక్కిపడ్డారు. ఆ మిషన్లలో మైకు కూడా ఉంటుందని అప్పుడు అర్థమైంది. ఆయన చెంబుతో సహా గుమ్మంలోకి వచ్చారు. "అమ్మా, ఎవుడో సుక్కురారంకల్లా రిపోర్టు పంపమంతన్నాడు. సూత్తే ఎవులూ నేరు. ఇదేటి?"

గబగబా ఆపేసి, అటూ ఇటూ క్షమాపణలు చెప్పుకున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక మామగారు నా గది ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి లోపలికి వచ్చారు. ఆ గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టు వచ్చిందట. ఫ్యాను లేదు, రోడ్డు లేదు, మాట ఒక్కటే. "అలాగ మాట ఇని ఎన్నేళ్లయిందో. మల్లీ సెవిలో ఎట్టమ్మా" అన్నారు. అది ఆఫీసు మీటింగండీ, వినడానికేం ఉండదు అన్నాను. "ఏదైతే ఏటి, మాటే గదా" అన్నారు.

మేనేజరుకు సంగతి చెప్పేశాను. ఆయన నవ్వి, విననివ్వండి, రిపోర్టు మాత్రం అడగనులెండి అన్నారు. ఇద్దరికీ వినిపించేలా, మామగారి మాట అటు వెళ్లకుండా ఆయన మైకు ప్రతిసారీ నేను మూసేలా మా ఆయన ఏర్పాటు చేశారు. అప్పట్నుంచి సోమవారం తొమ్మిదిన్నరకు ఒక్క నిమిషం ముందు, ఇస్త్రీ చొక్కాతో, లాప్‌టాప్ వెనక కుర్చీలో మామగారు హాజరు. మీటింగు అయ్యాక సమీక్ష. "ఆ సన్న గొంతు కుర్రోడు పని సెయ్యడమ్మా. మూడు వారాల్నుంచి అయిపోతాది, అయిపోతాది అంతన్నాడు." ఆ మాట నిజం. అది కనిపెట్టడానికి మా మేనేజరుకు ఇంకో రెండు నెలలు పట్టింది.

ఆ సమీక్షల్లోనే నాకు సైగలు నేర్పారు. వేలు పైకి తిప్పితే ఎత్తు. కిందికి తిప్పితే దించు. ఒక చెయ్యి కదలకుండా పట్టుకుని, దాని కింద రెండో చేతి వేలు తిప్పితే, నెమ్మదిగా. చెయ్యి చాచి, అరచెయ్యి నేల వైపు పెట్టి అటూ ఇటూ ఊపితే, ఆపు. తలుపు వేసుకుని నేర్చుకునేవాళ్లం, అత్తయ్య చూస్తే ఊరుకోదు. "ఎత్తడం ఎవుడైనా ఎత్తుతాడు. దించడంలో తెలుస్తాది పనోడి సంగతి" అనేవారు. క్రేను డ్రైవరు ఎవరి సైగ వినాలి అని ఒకసారి అడిగాను. "ఒక్కడిదే ఇనాల. ఆపు సైగ మాత్రం ఎవుడిచ్చినా ఆపాల. టీ తెచ్చినోడిచ్చినా ఆపాల. ఎందుకని అడక్కూడదు."

అప్పటికి నేను ఉద్యోగం మానేసే ఆలోచనలో ఉన్నాను. ఇద్దరి పని నా నెత్తిన ఉంది. ఏది ఇచ్చినా "సరే సార్" అనేయడం నాకు జబ్బు. అని, తర్వాత బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడవడం. రాజీనామా ఉత్తరం టైపు చేసి దాచుకున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

ఒక సోమవారం మేనేజరు, మానేసి వెళ్లిపోయిన ఇంకొకతని పని కూడా నన్నే చూడమన్నారు. మీరైతే చేసేస్తారు అన్నారు. సరే అనడానికి నోరు తెరిచాను. లాప్‌టాప్ వెనక మామగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కుడి చెయ్యి బారుగా చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, అటూ ఇటూ ఊపారు. మొహంలో నవ్వు లేదు. పైన టన్నుల బరువు వేలాడుతున్నప్పుడు ఎలా నిలబడేవారో అలా నిలబడ్డారు.

నేను ఆగాను. తర్వాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "లేదు సార్. ఇప్పటికే ఇద్దరి పని చేస్తున్నాను. మూడోది నా వల్ల కాదు."

మేనేజరు సమాధానం చెప్పేలోపు మామగారు అందుకున్నారు. ఆయన మైకు మూయడం ఆ రోజు నేను మరిచిపోయాను. "బాబూ, తాడు సూసి బరువెయ్యాల. తాడు తెగితే తప్పు తాడుది కాదు." పదిమందీ విన్నారు. మేనేజరు, "అలాగేనండీ" అన్నారు. నాతో కాదు, ఆయనతో. కాదనడానికి మూడేళ్లుగా నేను పడిన భయం అంతలోనే తేలిపోయింది. ఆ ఉత్తరం ఆ సాయంత్రమే తుడిచేశాను. ఆ తర్వాత మా ఆఫీసులో పెద్దాయన ఉన్నారా అని అడగకుండా మీటింగు మొదలయ్యేది కాదు.

ఆయన నాకు ఉద్యోగం నిలబెట్టారు. ఆ మాట ఆయనతో అనలేదు. వినిపించే చెవులొచ్చాక కూడా అనలేదు, అదే నా బాధ.

పోయిన నెలాఖరులో ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చాం. మొహానికి ఆక్సిజన్ మాస్కు వేయాల్సి వచ్చి చెవి మిషన్లు తీసేసి కవరులో పెట్టి నాకిచ్చారు. మళ్లీ ఆయనకు ఏమీ వినిపించలేదు, మాస్కులోంచి ఆయన మాట మాకూ వినిపించలేదు. ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆయన చేతులు కదుపుతున్నారు. మా ఆయన ఫ్యాను తగ్గించారు. కాదని మామగారు మళ్లీ కదిపారు. పెంచారు. నర్సు నీళ్లు తెచ్చింది. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూనే, "ఈడ కూడా సేతులూపుతారేటండీ" అంది.

ఎడమ చెయ్యి కదలకుండా గాల్లో ఉంది. దాని కింద కుడి చేతి వేలు నేల వైపు తిరిగి, మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది.

మంచానికి తలవైపు బాగా పైకి లేపి ఉంది. నర్సును అడిగి కాళ్ల వైపుకు వెళ్లి, వంగి, కింద ఉన్న పిడి పట్టుకున్నాను. తిప్పడం మొదలుపెట్టాను. ఆయన నన్ను చూశారు. నేను తిప్పుతున్నంతసేపూ ఆయన వేలు తిరుగుతూనే ఉంది. కొంచెం తొందరపడితే, కదలకుండా ఉన్న పై చెయ్యి నెమ్మదిగా అని గుర్తు చేసింది. తల అంగుళం అంగుళం కిందికి దిగింది.

అప్పుడు ఆయన కుడి చెయ్యి పక్కకు చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, అటూ ఇటూ ఊపారు.

నేను పిడి మీంచి చెయ్యి తీసేశాను.