ఆ మాట ఎవరన్నారు?

ఆదోనిలో ఉండే మా వదిన, అంటే మా ఆయన అక్క, ప్రభువు బల్లలో చెయ్యి చాపడం మానేసింది. మా సంఘాల్లో నెలకొక ఆదివారం ప్రభువు శరీరానికి గుర్తుగా రొట్టె పళ్ళెం వరసల వెంట వస్తుంది. తన ముందుకు రాగానే వదిన తల వంచుకుని దాన్ని పక్కావిడకు అందించేసేది. పుట్టినప్పటి నుంచి చర్చిలోనే పెరిగిన మనిషి, తెల్ల చీర కొంగు నెత్తి మీద కప్పుకుని అలా కూర్చుంటే, అక్కడికి పోయినప్పుడల్లా చూడలేక నేను కిటికీ వైపు తిరిగేదాన్ని.

ఆమెకు ఒక పాప, ఒక కొడుకు. కొడుకు జ్వరంతో పోయాడు. మూడో తరగతి పిల్లోడు, బడి నుంచి వచ్చి పడుకున్నవాడు మళ్ళీ సరిగ్గా లేవలేదు. ఆసుపత్రులు తిప్పారు, ఉపవాసాలున్నారు. ఎదురింటి ముస్లిం పెద్దమ్మకు వాడంటే ప్రాణం. ఆమె దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని వాడి చేతికి కట్టింది. వదిన వద్దనలేదు. ఏ తల్లి వద్దంటుంది?

తర్వాత వదిన ఇంట్లో ఆదరణ కూడిక, అంటే చావింటివాళ్ళను ఓదార్చే ప్రార్థన, పెట్టారు. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకురాలు వాక్యం చెప్పింది. "దేవుడు ఊరికే ఎవరినీ కొట్టడమ్మా. ఇంట్లో ఎక్కడో పాపం ఉంటుంది. పరీక్షించుకోండి" అంది. అందరూ ఆమెన్ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది గానీ, ఏం జవాబు చెప్పాలో తెలియలేదు. కోపం రావడం వేరు, జవాబు ఉండడం వేరు. వదిన మాత్రం ఆ మాట పట్టుకుని వెతుక్కుంది. వెతికితే, మా దేవుణ్ణి కాదని కట్టించుకున్న ఆ తాయెత్తే పాపంగా దొరికింది. "నేనే సంపుకున్నా మ్మే నా బిడ్డను" అని ఒకసారి వంటింట్లో నాతో అంది. అంతే, ఇంకెవరితోనూ ఆ మాట ఎత్తలేదు. పాపంతో ముట్టకూడదని బల్ల మాత్రం మానేసింది.

మేముండేది ఎమ్మిగనూరులో. మాది తువ్వాళ్ళు, లుంగీలు అమ్మే చిన్న అంగడి. మా ఆయన గల్లా దగ్గర కూర్చుంటాడు, నేను పక్కన మిషన్ వేసుకుని చీరలకు ఫాల్స్ కుడతాను. గల్లా వెనక గోడకు నీలం మఖమలు గుడ్డ మీద బంగారు రంగు అక్షరాల బోర్డొకటి ఉండేది. మొదట్లో నువ్వు కొంచెంగా ఉన్నా చివరికి ఎంతో వృద్ధిలోకి వస్తావు అనే వాక్యం. విశ్వాసుల ఇళ్ళలో ఆ మాట లేని గోడ దొరకడం కష్టం. క్యాలెండర్ల మీద అదే, ఆటోల వెనక అదే. మా ఆయన పొద్దున్నే షట్టర్ ఎత్తి ముందు ఆ బోర్డు తుడిచేవాడు. "ఆ చేత్తోనే నా మిషన్ కూడా తుడిస్తే ఏం పోతుంది" అని సతాయించేదాన్ని.

ఒకరోజు మా వీధిలో మగ్గం నేసే వాళ్ళింటి అక్క ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చింది. హిందువులు, మాకు బాగా కావలసినవాళ్ళు. నేను కుడుతుంటే ఆమె బోర్డు కూడబలుక్కుని చదివింది.

"బాగుంది మ్మే ఈ మాట. మీ దేవుడు సెప్పినాడా?"

"ఆ, మా దేవుడే."

"ఎవురికి సెప్పినాడు? ఎందుకు సెప్పినాడు?"

ఊరికే అడిగింది పాపం. నా కాలు మిషన్ మీద ఆగిపోయింది. బోర్డు కింద యోబు 8:7 అని రాసి ఉంది కాబట్టి, బైబిల్లో ఆస్తీ పిల్లలూ పోగొట్టుకున్న ఆ భక్తుడికి చెప్పారని తెలుసు. చెప్పింది దేవుడేనా? ఇన్నేళ్ళుగా ఆ బోర్డు కింద కూర్చున్నాను, చూసిన పాపాన పోలేదు.

వేరే ఎవరైనా అయితే అక్కడితో వదిలేసేవాళ్ళేమో. మా నాన్న పెంపకం నన్ను వదలనివ్వలేదు. ఆయన ఆదోనిలో నూనె మిల్లులో గుమాస్తా. చిన్నప్పుడు నేను వీధిలో విన్న మాట మోసుకుని ఇంటికి పరిగెత్తితే, "ఎవరన్నారు? ఎవరితో అన్నారు? అంతకుముందు ఏం జరిగింది?" అని నిలదీసేవాడు. ఆ మూడూ చెప్పలేకపోతే, "అయితే నోరు మూసుకుని అన్నం తిను" అనేవాడు. బైబిల్ దగ్గర కూడా ఆయనది అదే వరస. వాక్యం ఒక్కటే తుంచుకుని మాట్లాడితే ఊరుకునేవాడు కాదు.

ఆ అక్క చీర మడిచి ఇచ్చేసి, బైబిల్ తీశాను. ఎనిమిదో అధ్యాయం. ఆ మాట అన్నది దేవుడు కాదు. యోబు స్నేహితుల్లో రెండోవాడు. పిల్లలందరూ పోయి బూడిదలో కూర్చున్న మనిషిని ఓదార్చడానికి వచ్చి, నువ్వు మంచివాడివైతే దేవుడు నిన్ను మళ్ళీ పైకి తెస్తాడు అంటున్నాడు. సరే, ముందు ఏమన్నాడో చూద్దామని పైకి పోయాను. మూడు వాక్యాల పైన ఆ నోటితోనే ఇంకో మాట ఉంది. నీ పిల్లలు పాపం చేశారు కాబోలు, అందుకే దేవుడు వాళ్ళను అప్పగించేశాడు అని.

ఆదరణ కూడికలో విన్న మాట అచ్చంగా ఇదే. దాని కింది వాక్యాన్ని మేము బంగారు అక్షరాలతో రాయించి రోజూ తుడుచుకుంటున్నాం.

అప్పటికప్పుడు బస్సెక్కి ఆదోని పోయి వదిన ముందు బైబిల్ తెరిచి పెట్టాలనిపించింది. అలా పోతే నేనూ ఒక ముక్క తుంచుకుని పోయినట్టే కదా. ఆ స్నేహితుడు తప్పని ఎవరన్నారు? అది తేలకుండా మాట్లాడితే నాకూ ఆ ప్రసంగీకురాలికీ తేడా ఏముంది? అందుకని మొదటి అధ్యాయం నుంచి కూర్చున్నాను. అంగడి తెరవకముందు, గిరాకీ లేనప్పుడు, మిషన్ మీదే పుస్తకం పెట్టుకుని చదివాను. అబ్బా, ఆ పాత తెలుగు! ఒక్కో వాక్యం రెండు మూడు సార్లు చదివితే గానీ ఎవరు ఎవరిని తిడుతున్నారో అర్థమయ్యేది కాదు. ఇంకో చిక్కేమిటంటే ఆ స్నేహితులు చెప్పేదంతా వినడానికి బాగుంటుంది. భక్తిగా ఉంటుంది, మన ప్రసంగాల్లాగే ఉంటుంది. నిజానికి యోబే మాటలు తూలుతున్నట్టు కనిపిస్తాడు. ఆఖరి అధ్యాయంలో గానీ దేవుడు తేల్చి చెప్పడు, మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు, యోబు మాట్లాడాడు అని.

మా ఆయనకు చెప్పాను. "అంగడి బోర్డు మీద నీకేం పగ మ్మే?" అన్నాడు. ఆ మాట చివరికి యోబు విషయంలో జరిగింది కదా, తప్పెట్లవుతుందని వాదించాడు. అది కూడా నిజమే. నాకు నచ్చకపోయినా ఒప్పుకోవాలి. మాట వట్టిది కాదు, చెప్పినవాడు దాన్ని ఏడుస్తున్న మనిషి నెత్తిన కొట్టాడు, అంతే. బోర్డు సంగతి ఆయనకే వదిలేశాను. నా దిగులంతా వదిన గురించే.

ఆ వారం ఆదోని పోయాను. చెప్పాల్సిందంతా గడగడా చెప్పేశాను. వదిన ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చుని విన్నది.

"నీకు మాటలొచ్చు. నువ్వు ఏమన్నా రుజువు సేస్తావు. ఆయమ్మ దైవజనురాలు. నువ్వు ఫాల్స్ కుట్టుకునేదానివి."

చురుక్కుమంది. ఇంకెవరైనా అయితే అక్కడే కడిగేసేదాన్ని. కానీ ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. ప్రసంగీకురాలి మాట ఎలా మింగిందో నా మాట కూడా అలాగే మింగితే ఏం లాభం? రేపు మూడోవాళ్ళు వచ్చి ఇంకోటి చెబుతారు.

"అయితే నేను సెప్పను. నువ్వే సదువు" అన్నాను.

"నాకు మనసు నిలవదు."

"ఫోన్లో సదువు. నేను ఇంటాను."

అలా మొదలైంది. రోజూ పొద్దున నేను జొన్నరొట్టెలు తట్టే వేళకు ఫోన్ స్పీకర్‌లో పెట్టేదాన్ని. ఆమె ఒక అధ్యాయం పైకి చదివేది. నేను అడిగేదల్లా ఒక్కటే, ఇప్పుడు మాట్లాడేది ఎవరు వదినా అని. మొదట్లో విసుక్కునేది. పోను పోను తనే చెప్పడం మొదలుపెట్టింది. "ఈడ మళ్ళా ఆ ముసిలోడే. సావగొడతాండాడు." యోబు తాను పుట్టిన రోజును తిట్టుకునే చోట చదవడం ఆపి అడిగింది.

"దేవునితో ఇట్ల కూడా మాట్లాడొచ్చునా మ్మే?"

"మాట్లాడినాడు కదా."

"ఎవురూ సెప్పలేదే నాకు."

ఒకరోజు మొదటి అధ్యాయానికి తనే వెనక్కి పోయింది. యోబులో తప్పు లేదని దేవుడే అన్నాడు, పిల్లల కోసం యోబు తెల్లారకముందే లేచి బలులు ఇచ్చేవాడు. ఆ రెండూ చదివి అడిగింది.

"అయితే ఆ పిల్లోళ్ళు వాళ్ళ పాపానికి సావలేదు. వాళ్ళ నాయిన పాపానికీ కాదు."

"కాదు వదినా."

"మరి వాళ్ళు ఎందుకు సచ్చినారో యోబుకు దేవుడు సెప్పినాడా?"

పుస్తకం అంతా వెతికినా నాకు కనబడలేదు. ఏదో ఒకటి చెప్పి సర్దేయవచ్చు, నోరు ఉంది కదా. "సెప్పలేదు వదినా" అన్నాను. అవతల ఫోన్ కట్టయింది.

మరునాడు ఫోన్ రాలేదు. ఆ మరునాడూ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. రొట్టెలు మాడ్చాను, మా ఆయన మీద అరిచాను. ఉన్న చిన్న ఆశ కూడా తెంపేశానేమో, నా చదువు నా దగ్గర పెట్టుకుంటే పోయేదేమో అని భయపడ్డాను. మా ఆయన ఏమీ అనకుండా మాడిన రొట్టె తిన్నాడు.

బల్ల ఆదివారానికి ముందు రోజు తనే ఫోన్ చేసింది.

"ఆఖరి వరకు సదివేసినా మ్మే. ఒగతే సదివినా."

"మంచి పని సేసినావు."

"ఆ స్నేహితుల కోసరం యోబును ప్రార్థన సేయమన్నాడు దేవుడు. సేసినాడు. నేను గూడ ఆయమ్మ కోసరం నిన్న సేసినా."

నాకు ఇప్పటికీ ఆవిడ కోసం మోకాళ్ళూనే మనసు రాలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

"ఇంగొకటి. నువ్వు సూసినావా? గొర్రెలు రెట్టింపు ఇచ్చినాడు. ఒంటెలు రెట్టింపు. ఎద్దులు, గాడిదెలు, అన్నీ రెట్టింపే. పిల్లోళ్ళను మాత్రం ముందు ఎంతమందో అంతే ఇచ్చినాడు. ఏడుగురు మగపిల్లోళ్ళు, ముగ్గురు ఆడపిల్లోళ్ళు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఎందుకు?"

నేను పుస్తకం తిప్పి చూశాను. నిజమే. అన్నిసార్లు చదివినా నా కంటికి ఆనలేదు.

"నేను సూడలేదు వదినా."

"గొర్రెలు పోతే పోయినట్టే. బిడ్డలు పోలేదు. వాళ్ళు ఆడ, దేవుని కాడ ఉండారు. అందుకే రెట్టింపు ఇయ్యల్యా." మళ్ళీ తనే, "అట్లని ఈడ రాయలేదులే. నాకు అట్ల అనిపించింది. రాసింది ఏదో, నాకు అనిపించింది ఏదో తెలుస్తాది నాకు" అంది.

మరునాడు ఆదోని పోయి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. పళ్ళెం వచ్చింది. వదిన కొంగు సర్దుకుని చెయ్యి చాపి రొట్టె తీసుకుంది. నాకు కళ్ళు మసకబారి, నా వంతు రొట్టె కింద పడేసుకునేదాన్నే.

ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే, కొత్తగా సంఘానికి వస్తున్న ఒకావిడ పలకరించింది. మాటల్లో, "పిల్లలెంతమంది అమ్మా?" అని అడిగింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆ ప్రశ్నకు వదిన "ఒక పాప" అని చెప్పి గబగబా నడిచిపోయేది.

"ఇద్దరు" అంది వదిన.