బియ్యం కడగమనే రాయి

"సీసల నీళ్ళు పోసిన, తీస్కపో."

"పైన దొనెల నీళ్ళు లేవా ఏంది? నువ్వు రాయి మోగినంక బియ్యం కడుగు, సాలు."

"ఎప్పుడు కడగాల్నో నీ రాయి చెప్తదా నాకు?"

నా పెనిమిటీ నేనూ మాట్లాడుకున్న చివరి మాటలివి. ఆయన మేకలు తోలుకొని నల్లగుట్టకు పోయాడు, నీళ్ళ సీసా గడప పక్కనే ఉండిపోయింది. ఇన్నేళ్ళకు ఇవి ఎందుకు తలపుకొచ్చాయంటే, నిన్న కార్లో ఎవరో పట్నం పిల్లలొచ్చి గుట్టమీది రాళ్ళన్నీ వాయించి పోయారు, నేను నాకు తెలియకుండానే లేచి చేటలో బియ్యం పోసుకున్నాను. అది చూసి మనవరాలు నవ్వి, మన దిక్కు చూడదగ్గ చోట్లు ఫోనులో పెడతాను, చెప్పవ్వా అని కూర్చుంది. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెప్తాను, అది రాస్తుంది. నా ఈడువాళ్ళు ఎవరితోనైనా చదివించుకొని వింటే చాలు.

అరకేరలో బస్సు దిగి కంది చేల మధ్య నడిస్తే ముందు బూదిదిబ్బ వస్తుంది. అక్కడి రాళ్ళు కమ్మరి కొలిమిలో చిట్టెంలాగా తేలిగ్గా, నిండా బొక్కలతో ఉంటాయి. రాక్షసుణ్ణి కాల్చిన చోటని మా అత్త చెప్పేది. తొలివానకు ఇప్పటికీ అక్కడ కాలిన వాసన లేస్తుంది, ఎవరిదో మరి. అది దాటితే నల్లగుట్ట. చుట్టూ ఉన్న గుట్టలన్నీ ఎర్రగా గుండ్రంగా ఉంటే ఇదొక్కటే ఇనుప ముక్కలు కుప్పపోసినట్టు ఉంటుంది. భూమి కడుపులో కరిగిన రాయి పగుల్లోంచి పైకి పొంగి గడ్డకట్టిందని ఒక కాలేజీ సారు తన పిల్లలకు చెప్తుంటే విన్నాను. సగం ఎక్కాక ఒక నెర్రె ఉంది, మండుటెండలో కూడా అందులోంచి చల్లగాలి, లోపలెవరో నిద్రపోతున్నట్టు, వచ్చి ఆగి మళ్ళీ వస్తుంది. కొనన రాతిగుంట, దాన్నే దొనె అంటాం. అందులో ముఖం చూసుకుంటే మనం కదిలాక కాసేపటికి గానీ నీడ కదలదని మేకలవాళ్ళు అనేవారు. నేను చూసుకోలేదు.

ఆ గుట్ట రాళ్ళు మోగుతాయి. ఊరికే తగిలితే కాదు, చేతిలో గుండ్రాయి పట్టి కొట్టాలి. దొనె పక్కరాయి కంచు పళ్ళెంలాగా సన్నగా పలుకుతుంది, పైకి చేరినవాడు దాన్ని కొట్టాలి. సగం దారిలో మలుపు రాయిది ఖాళీ నీళ్ళ కాగు గొంతు, దిగేవాడు దాన్ని కొట్టాలి. అది వినబడితే కింద ఆడవాళ్ళం బియ్యం కడిగేవాళ్ళం, మనిషి ఇల్లు చేరేసరికి అన్నం ఉడికేది. ఊరికే వాయించడం ఉండేది కాదు. పసిపిల్లలు కూడా వాయించేవారు కాదు.

ఆ రోజు పొద్దున పైన దొనె కాడి సన్నరాయి మోగింది. పొద్దు వాలేటప్పుడు కాగురాయి కూడా మోగింది. నేను విన్నాను, పక్కింటి అక్క విన్నది, "మీ ఆయన దిగుతున్నాడే, పొయ్యి ఊదు" అని గోడమీంచి ఎకసెక్కం కూడా ఆడింది. బియ్యం కడిగాను. అన్నం ఉడికింది, చల్లారింది, మనిషి రాలేదు. తెల్లవారి బావ, అంటే ఆయన అన్న, నలుగురిని తీసుకొని ఎక్కితే, దొనె పక్కన రాయికి వీపు ఆనించి కూర్చునే ఉన్నాడట. మేకలు చుట్టూ పండుకొని ఉన్నాయట. బావ బిగుసుకుపోయిన ఆ చెయ్యి పట్టి చూసి వచ్చి నాతో అన్నాడు: "నిన్న మద్యాన్నమే పోయినాడమ్మా. మలుపు దాంక దిగనే లేదు."

మరి కాగురాయి కొట్టిందెవరు? ఆనాడు గుట్టెక్కినవాడు ఇంకొకడు లేడు. ఎండకు కాగిన రాయి చల్లారేటప్పుడు అట్లా పలుకుతుందని ఆ కాలేజీ సారే చెప్పాడు. పలుకుతుందేమో. ఎండ రోజూ కాస్తుంది, రోజూ చల్లారుతుంది, ఆ ఒక్క పొద్దే ఎందుకు పలికిందో ఆయన చెప్పలేదు. నాకైతే నా మనిషి దిగాడనే ఉంది. ఎటు దిగాడో, అదే తెలియదు.

ఇప్పుడు ఆదివారం వస్తే పొద్దంతా మోతే. ఎక్కినా కొడతారు, దిగినా కొడతారు, ఫోటోకీ కొడతారు. ఒకప్పుడు ఆ చప్పుడుకు ఎన్నో పొయ్యిలు రాజుకునేవి, ఇప్పుడు దానికి ఎవరూ తలెత్తరు, నేను తప్ప. ఇంత మోతలో నిజంగా ఆయనే మళ్ళీ కొడితే నాకెట్లా తెలియాలి? అందుకే ఇది రాయిస్తున్నాను. గుట్ట చూడండి, గాలి చూడండి, నీళ్ళు చూడండి. దిగేటప్పుడు మాత్రమే కాగురాయిని కొట్టండి, ఒక్కసారే.

రాసినవా బిడ్డా? ఇగ మొదట్నుంచి సదువు. ఆయన మాట కాడ ఆగు. దాని కింద ఉన్న నా మాట సదవకు, ఈసారి ఆయనకు జవాబు నేనే చెప్త.