తీగ మీద చేపలు

ఆ వాసన గురించి ఇప్పటికీ ముక్కు మూసుకునే రాయాల్సి వస్తోంది. ఒక చెయ్యి ముక్కుకి పోతే, మిగిలిన ఒక్క చేత్తో రాసిన రాత ఎంత బాగుంటుందో ఇదీ అంతే బాగుంటుంది. రెండు చేతులతో రాసినా పెద్ద తేడా ఉండదని మా ఆవిడ అంటుంది గానీ, ఆ సంగతి వదిలేద్దాం.

మా ఇల్లు ఇందుకూరుపేట నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంది. ఉప్పుగాలికి ఇక్కడ గొళ్లేలు తుప్పుపడతాయి, కిటికీ చువ్వలు తుప్పుపడతాయి, ఇంటిపట్టునే ఉండిపోతే మనుషులు కూడా. మా ఆవిడ లెక్కల టీచరు. ఆమె పనిచేసే బడి మూతపడి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లూ ఆమెకి తుప్పు పట్టలేదంటే, ఇంట్లో నా తప్పులు దిద్దే పని తెగకుండా ఉండటం వల్లే. చివరికి కంప్యూటర్‌లోనే పాఠాలు చెప్పించే ఒక బడివాళ్లు పిలిచినారు. మధ్యాహ్నం మూడు గంటలకి కంప్యూటర్ ముందు కూర్చుని ఇరవై నిమిషాలు భిన్నాల పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. పది రోజుల పాటు నాకు దోసె కూడా నాలుగో వంతు, ఎనిమిదో వంతు కిందే వడ్డించింది.

నాకు పెట్టిన నియమం ఒక్కటే. "ఆ రోజు మాత్రం ఇంట్లోకి చేపలు తేవద్దండీ. నీచు వాసనకి నాకు తల తిరుగుద్ది."

తేలేదు. ఇంట్లోకి తేలేదు. ముందురోజు మైపాడు నుంచి బండి మీద వచ్చే చేపలాయన దగ్గర, బెల్టుల్లా పొడుగ్గా వెండిరంగులో ఉండే చేపలు కొని, శుభ్రం చేసి, ఉప్పు పట్టించి, మిద్దె మీద దాచినాను. మర్నాడు పొద్దున ఆమె స్నానానికి పోయినప్పుడు ఎండబెడదామని పైకి పోతే బట్టలారేసే తాడు తెగి ఉంది. పక్కనే స్తంభం నుంచి మా కిటికీ దాకా నల్లగా, సన్నగా, బిగుతుగా ఒక తీగ. చేపల కోసమే ఎవరో లాగి కట్టినట్టుంది. పద్నాలుగు చేపల్ని తోకా తోకా ముడేసి, జంటలు జంటలుగా దాని మీద వేసినాను. నా తెలివికి నేనే మురిసిపొయ్యి కిందికి దిగినాను.

తొమ్మిదింటికి మా ఆవిడ కంప్యూటర్ పెట్టింది.

"ఏమండీ, ఇంటర్నెట్ లేదంటోంది."

"ఆపి మళ్లీ పెట్టు," అన్నాను. ఈ ఒక్క ముక్కతోనే మా వీధిలో కంప్యూటర్ తెలిసిన మనిషిగా బతుకుతున్నాను.

ఆపింది, పెట్టింది. రాలేదు. మోడెం మీద రోజూ పచ్చగా వెలిగే దీపం ఎర్రగా కొట్టుకుంటోంది. వైర్లు ఊడిపోయినాయేమో చూద్దామని బల్ల కిందికి దూరినాను. అక్కడ మా సంసారం మొత్తం ఇంకో రూపంలో ఉంది. ఉప్పుగాలి చెమ్మకి దుమ్ము జిడ్డుగా ముద్ద కట్టింది. ఆ ముద్దలో వెంట్రుకలు, బల్లి రెట్టలు, కాళ్లు పైకెత్తి ఎండిపోయిన బొద్దింక ఒకటి. ఒక వైరు పట్టుకుని లాగితే చెయ్యి అతుక్కుంది. వైర్లన్నీ ఊడబీకి, ఊది, మళ్లీ గుచ్చినాను. ఊదినప్పుడు నోట్లోకి పోయిందేందో ఇప్పటికీ ఆలోచించదలుచుకోలేదు. దీపం ఎర్రగానే ఉంది.

ఇంక కంపెనీకి ఫోన్ చెయ్యాలి. మా ఇంట్లో సిగ్గుకీ సిగ్నల్‌కీ ఒకటే కరువు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన మాత్రం రెండు గీతలు వస్తాయి, మాటకి చాలతాయి, బొమ్మకి చాలవు. పైకి పోయి నిలబడినాను. నా కాల్ వాళ్లకి ఎంతో విలువైనదని ఒక తియ్యటి గొంతు చెప్పి, అంత విలువైనదాన్ని పాటలో నానబెట్టింది. ఎదురుగా నా చేపలు. ఎండ ముదిరి వాటి నుంచి నీరు బొట్లు బొట్లుగా కారుతోంది. ఈగలు ముసిరినాయి. ఒక చెవికి ఆ తియ్యదనం ఆనించి, రెండో చేత్తో ముక్కు మూసుకున్నాను.

ఎట్టకేలకి ఒక మనిషి పలికింది. "సార్, మీ ఇంటికొచ్చే నల్ల తీగ ఎక్కడైనా వంగి ఉందా? దాని మీద బరువేమన్నా పడిందా?"

అప్పుడు చూసినాను. తీగ ఉయ్యాలలాగా కిందికి జారింది. కిటికీ దగ్గర మోచెయ్యిలా మడత పడింది.

"లేదండీ," అన్నాను. "అంతా బాగుంది."

యాభై రెండేళ్లవాణ్ణి. ఎవరో మొహం తెలియని ఆమెకి, చేపల గురించి అబద్ధం చెప్పినాను. మనిషిని పంపిస్తామంది. చేపలన్నీ గబగబా లాగి, తొట్టిలో కుక్కి, ట్యాంకు వెనక పెట్టి, గోనెసంచి కప్పినాను. చేతులు లుంగీకి తుడుచుకుని కిందికి పోయి, "కంపెనీవాళ్ల తప్పేలే, మనిషి వస్తున్నాడు," అని చెప్పినాను. నీచు అనే మాట ఎవరు పుట్టించినారో గానీ, చేపకి ఒకటి, మనిషికి ఒకటి అని వేరు చెయ్యకుండా మంచిపని చేసినారు.

పన్నెండయింది, రెండయింది. మనిషి రాలేదు. మా ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, ఎర్ర దీపం ముందు కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. నేనూ పక్కన కళ్లు మూసుకున్నాను గానీ, ప్రభువుని ఏమన్నా అడిగితే ముందు నువ్వు ఒప్పుకోమంటాడని ఏమీ అడగలేదు.

రెండున్నరకి ఆమె ఫోన్ తీసుకుని లేచింది. "బడివాళ్లకి ఒక మాట చెప్పొస్తాను."

"నేను చేస్తాలే," అన్నాను. అప్పటికే ఆమె మెట్లెక్కింది.

పది నిమిషాలకి దిగి, మొహం కడుక్కుంది. "మూడుంపావు దాకా చూస్తామన్నారు. ఆ తర్వాత వేరేవాళ్లని పిలుస్తారంట." కుర్చీలో కూర్చుని నా వైపు చూడకుండా అంది, "చేతులు కడుక్కోండి."

బల్ల కింద దుమ్ము గురించి అనుకున్నాను. మూడుసార్లు సబ్బు రుద్దినాను.

రెండూ యాభైకి లైన్ మనిషి నిచ్చెనతో వచ్చినాడు. నా వయసే ఉంటుంది. మిద్దె మీద తీగ పట్టుకుని, వేళ్లు వాసన చూసుకుని మొహం ముడిచినాడు.

"ఏందన్నా ఇది?"

"ఉప్పుగాలి గదా," అన్నాను.

"నేనూ ఈ సముద్రం పక్కన పుట్టినోణ్ణే. గాలికి ఇంత జిగురుండదు." మడత పడిన చోట గోరుతో నొక్కినాడు. "దీంట్లో ఉండేది రాగి కాదన్నా, గాజు. వెంట్రుకంత. దాంట్లో వెలుగు పోతా ఉంటది. ఇట్లా వంచితే లోపల పుటుక్కుమనదా?"

"మెల్లిగా మాట్లాడు. మేడం కిందే ఉంది."

"మేడంకి తెలవదా?"

"తెలవదు."

ట్యాంకు వెనక గోనెసంచి మీద గుయ్యిమంటున్న ఈగల వైపు చూసి, నా వైపు చూసినాడు. తీగ జారిపోతోందని ముందు సబ్బునీళ్లతో కడిగించినాడు, నాచేతే. తర్వాత చెడిన ముక్క కోసేసి, పెట్టెలాంటి చిన్న మిషన్లో రెండు కొసలూ పెట్టి అతికించినాడు. మూడూ పదకొండుకి దీపం పచ్చబడింది.

నేను గది బయట, తలుపు చాటున నిలబడినాను. తెర మీద ముగ్గురు కనిపించినారు. పెద్దావిడ ఒకరు అడిగినారు, "ఆలస్యం ఎందుకయిందో చెప్తారా మేడం?"

కరెంటు పోయిందని చెప్పు, కంపెనీ తప్పని చెప్పు, అని లోపల్లోపల అందిస్తున్నాను.

"మా ఇంటాయన ఇంటర్నెట్ తీగ మీద చేపలు ఆరేసినారండీ," అంది మా ఆవిడ. "పద్నాలుగు."

తెరలో ఎవరో ఆపుకోలేక పకపకా నవ్వినారు. ఆమె నవ్వలేదు. "పాఠం మొదలుపెట్టమంటారా?" అని అడిగి, దోసెని నాలుగు ముక్కలుగా గీసింది.

సాయంత్రం చేపల్ని పెరట్లో పాతిపెట్టినాను. తొట్టి మీద గోనెసంచి తీసినప్పుడు వచ్చిన కంపుకి కళ్లలో నీళ్లు తిరిగినాయి. అన్నీ వాసనకే అని చెప్పుకోవడానికి వీలుగా ఉంది.

"మిద్దె ఎక్కినప్పుడే తెలిసింది గదా, అప్పుడే అడగొచ్చు గదా," అన్నాను.

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తారు. అది వినేంత టైము నాకు లేదు."

వారం తర్వాత ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు రోజూ మూడింటికి పాఠం. తలుపేసుకునే ముందు, బడిపిల్లవాణ్ణి అడిగినట్టు, చేతులు చూపించమంటుంది. రెండు చేతులూ చాపి చూపిస్తాను. ఆమె వంగి వాసన చూసి, లోపలికి పోతుంది.