ఒకే కూర తినని ఇద్దరు

మారెమ్మ చిట్యాల పక్క పల్లెలో పుట్టింది. అక్కడే పెళ్ళాడింది, అక్కడే తల నెరిసింది. భర్త బక్కయ్య పోయాక మిషన్ దవాఖానలో ఆయాగా చేస్తూ, ఒక్కగానొక్క కొడుకు ఇస్రాయేలును హాస్టల్లో పెట్టి చదివించింది. వాడు సర్కారు స్కాలర్‌షిప్పుతో విమానం నడపడం నేర్చుకుని, తొంభైల్లో ఒక కంపెనీలో రెండో పైలట్‌గా చేరాడు. ఊరి నోటికి ఆ 'రెండో' అన్న మాట దొరికింది. ఇంకేం కావాలి?

పక్కింటి గుర్వయ్య లారీ డ్రైవరు. "డ్రైవర్ పక్కన కూసునేటోన్ని మా లైన్ల క్లీనర్ అంటరక్కా" అని ఆటపట్టించేవాడు. మారెమ్మ పైకి నవ్వేసేది గానీ, ఆ మాట లోపల ముల్లులా దిగేది. ఒకసారి కొడుకు ఇంటికొచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేసింది.

"నిజం చెప్పు బిడ్డా. నువ్వు నడుపుతవా, ఉత్తగనే కూసుంటవా?"

"పోయేటప్పుడు కెప్టెన్ సార్ నడిపితే, వచ్చేటప్పుడు నేను నడుపుత" అన్నాడు ఇస్రాయేలు. "నడపనోడు గూడ ఉత్తగ కూసోడమ్మా. రేడియోల మాట్లాడాలె, చక్రాలు లేపాలె, అన్నీ సరిగున్నయా లేవా అని ఒక్కొక్కటే చదివి అడగాలె. నడిపేటోడు తప్పు జేస్తే, తప్పని చెప్పాలె."

"గంత పెద్దాయనకు నువ్వు చెప్తవా?"

"చెప్పకుంటేనే తప్పు."

మారెమ్మ నమ్మలేదు. కొడుకు అబద్ధమాడతాడని కాదు, లోకం అంత సులువుగా మారుతుందంటే ఆమెకు మనసొప్పలేదు. ఊరి హోటల్లో ఆమె కులంవాళ్ళకు చూరులో వేరే గ్లాసు ఉండేది. చాయ్ తాగి, తామే కడిగి, మళ్ళీ ఆ చూరులోనే పెట్టాలి. అలాంటి గ్లాసులో తాగి బతికినవాళ్ళు అంత తొందరగా దేన్నీ నమ్మరు.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం పొద్దున కెప్టెనే ఇంటికొచ్చాడు. పేరు జనార్దన్ రావు, భువనగిరి వైపు దొరల కుటుంబం. సూర్యాపేటలో తెలిసినవాళ్ళ పెళ్ళికి వెళ్ళి, ఇస్రాయేలూ ఆయనా ఒకే కారులో హైదరాబాదుకు తిరిగి వెళ్తున్నారు. సాయంత్రం ఢిల్లీ విమానం వాళ్ళిద్దరిదే. దారిలోనే కదా, మీ అమ్మను చూసిపోదామన్నది ఆయనేనట.

మారెమ్మ ఉరుకులు పరుగుల మీద పొయ్యి రాజేసింది. కొడుకు వస్తే కోయాలని పెంచుకుంటున్న పుంజును కోసింది. జొన్నరొట్టెలు చేసి, చాప పరిచి, ఇద్దరికీ కంచాలు పెట్టింది. దొర తన ఇంట్లో తింటాడా, లేదా? ఆమె ప్రాణమంతా ఆ ఒక్క సంగతి మీదే ఉంది.

"ముందు వాడికి వెయ్యమ్మా, చాన్నాళ్ళకు వచ్చాడు" అన్నాడు కెప్టెన్. కొడుకు కంచంలో కూర వేసి ఆమె ఇటు తిరిగేసరికి, ఆయన తన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు వద్దమ్మా. కారులో అరటిపండ్లున్నాయి, అవి చాలు."

మారెమ్మ పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. పండుకు అంటు ఉండదని ఆమెకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇస్రాయేలు వెంటనే లేచి వచ్చాడు.

"అమ్మా, గది కంపెనీ రూలు. విమానం ఎక్కేముందు మేమిద్దరం ఒక్కటే కూర తినొద్దు. కూరల ఏమన్న తేడా ఉంటే ఇద్దరికీ ఒక్కసారే కడుపు చెడుతది. మీదికి పోయినంక ఇద్దరం పడిపోతే కిందికి దించేటోడెవ్వడు? పని పంచుకున్నట్టే తిండి గూడ పంచుకుంటం."

"మన ఇంట్ల తినకుండ తప్పించుకోనీకి ఒకలు ఒక్కపొద్దు అన్నరు, ఒకలు కడుపునొప్పి అన్నరు. గిది కొత్తగుంది" అంది మారెమ్మ. పొయ్యిలో కట్టె ఎగదోసింది. "రూలే నిజమైతే మీ ఇద్దరిల ఎవ్వలు తిన్నా ఒకటే గదా?"

"ఒకటే."

ఆమె లేచింది. కొడుకు ఇంకా ముట్టని కంచం తీసుకెళ్ళి కెప్టెన్ ముందు పెట్టింది. "మీరు తినుండ్రి సారు. మావోడు పండ్లు తింటడు."

కెప్టెన్ ఇస్రాయేలు వైపు చూశాడు. ఇస్రాయేలు చాప వైపు చూశాడు. మారెమ్మ మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

"వాడి కోసం చేశావు కదమ్మా" అన్నాడు కెప్టెన్.

"చేసిన. మీరు తినుండ్రి."

ఆయన రొట్టె తుంచి కూరలో అద్దుకున్నాడు. మొదట నెమ్మదిగా తిన్నాడు. తర్వాత మొహమాటం వదిలేసి బొక్కలు కొరికాడు, కారానికి ముక్కు చీదుకున్నాడు, ఇంకో రొట్టె ఉందా అని అడిగాడు. మారెమ్మ పరుగెత్తింది. పెట్టిన కొద్దీ ఆయన తిన్నాడు, ఆయన తిన్న కొద్దీ ఆమె పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం ఆమె ఎరగదు. తీరా గిన్నె అడుగు కనిపించాక కొడుకు వైపు చూసింది. వాడు గోడకానుకుని అరటిపండు తింటున్నాడు. నెలల తర్వాత ఇంటికొచ్చిన బిడ్డ. వాడి కోసమని పెంచిన పుంజులో వాడికి ఒక్క ముక్కా దక్కలేదు.

బయలుదేరేటప్పుడు ఆమె కారు తలుపు పట్టుకుని వదల్లేదు.

"పెద్దోళ్ళు మా ఇంట్ల తినలేదని చానసార్లు ఏడ్చిన సారు. తిన్నరని ఏడ్చుడు గిదే మొదలు" అంది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఈసారి విమానం లేని దినం రాండ్రి. ఒక్కటే గిన్నెల కూర ఇద్దరికీ పెడత."

తప్పకుండా వస్తానన్నాడు కెప్టెన్. ఆయన పక్కన ఇస్రాయేలు ఇంకో అరటిపండు ఒలుచుకుంటున్నాడు.